అమెరికా ప్రభుత్వ అడవి భూములు: ఏ గీత లోపల ఏ చట్టం?

క్లుప్తంగా: అమెరికా భూభాగంలో నాలుగో వంతుకు పైగా, అంటే దాదాపు 64 కోట్ల ఎకరాలు, ఫెడరల్ ప్రభుత్వం పేరు మీద ఉంది. నేషనల్ పార్కులు అందులో చిన్న భాగమే. మిగతా భూమికి ఉన్న రక్షణ చోటును బట్టి మారుతుంది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టం చేసి ఇచ్చింది గట్టిగా నిలుస్తుంది. అధ్యక్షుడి సంతకంతో వచ్చింది తర్వాతి అధ్యక్షుడి సంతకంతో కుదించుకుపోవచ్చు. శాఖ తన ప్లానులో రాసుకున్నది ఇంకా తేలిగ్గా మారిపోతుంది. ఇప్పుడు నడుస్తున్న గొడవల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే.

2025 జూన్‌లో అమెరికా సెనేట్ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. పశ్చిమాన ఉన్న 11 రాష్ట్రాల్లో 22 లక్షల నుంచి 33 లక్షల ఎకరాల దాకా ఫెడరల్ భూమిని అమ్మాలి, అక్కడ ఇళ్లు రావాలి అన్నది దాని సారం. పెట్టింది యూటా సెనేటర్ మైక్ లీ. ఆ వార్త చూసి యెల్లోస్టోన్‌నీ గ్రాండ్ కాన్యన్‌నీ అమ్మేస్తున్నారేమో అని కంగారు పడినవాళ్లు ఉన్నారు, పార్కుల జోలికి పోవట్లేదు కదా ఇంకేం గొడవ అని తేలిగ్గా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. పార్కులు, అధ్యక్షుడి ప్రకటనతో రక్షణ పొందే మాన్యుమెంట్లు, రోడ్లూ మోటార్లూ ఉండని వైల్డర్‌నెస్ ప్రాంతాలు ఆ ప్రతిపాదనలో లేవు, నిజమే. అలాగని అందులో ఉన్నదంతా పనికిరాని బీడు కాదు. పార్కు గేటు బయట కనిపించే ఎర్రరాతి కొండలు, జింకలు తిరిగే సేజ్‌బ్రష్ పొదల మైదానాలు, జనం టెంట్లు వేసుకునే పైన్ అడవుల అంచులు ఆ కోవలోవే.

వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ట్రెక్కింగ్ చేసేవాళ్లు, ఐడహో, మోంటానా రాష్ట్రాల రిపబ్లికన్ సెనేటర్లు అడ్డం తిరిగారు. బడ్జెట్ బిల్లులో దీన్ని ఇరికించడానికి సెనేట్ నియమాలూ ఒప్పుకోలేదు. ఊళ్లకు 5 మైళ్ల లోపు ఉన్న భూమికి పరిమితం చేసి మళ్లీ తెచ్చారు, అదీ నిలబడలేదు, చివరికి జూన్ 28న లీ దాన్ని వెనక్కి తీసుకున్నారు. గండం గడిచింది కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది: చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు కొండల్లో ఒకదాన్ని అమ్మకానికి పెట్టొచ్చు, పక్కదాన్ని ముట్టుకోకూడదు అంటే ఆ గీత ఎవరు గీశారు, ఎలా గీశారు?

## భూమి నాలుగు శాఖల చేతుల్లో

64 కోట్ల ఎకరాలంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన విస్తీర్ణానికి తొమ్మిది రెట్లకు పైనే. ఇందులో అత్యధిక భాగాన్ని నాలుగు శాఖలు చూస్తాయి. అన్నిటికన్నా పెద్దది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, పొట్టిగా బీఎల్ఎం, దాని కింద సుమారు 24.5 కోట్ల ఎకరాలు. ఫారెస్ట్ సర్వీస్ కింద 19.3 కోట్లు, వన్యప్రాణుల రెఫ్యూజ్‌లు, అంటే అభయారణ్యాలు చూసే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ కింద 8.9 కోట్లు. ప్రపంచమంతా పేరు తెలిసిన నేషనల్ పార్క్ సర్వీస్ వంతు 8 కోట్ల ఎకరాలే.

పార్క్ సర్వీస్‌కి 1916 చట్టం అప్పజెప్పిన పని స్పష్టం: దృశ్యాన్ని, ప్రాణులను చెడకుండా తర్వాతి తరాలకు అందించడం. ఫారెస్ట్ సర్వీస్ పుట్టుకే వేరు. 1905లో అడవుల్ని ఇంటీరియర్ శాఖ నుంచి తీసి వ్యవసాయ శాఖకు ఇచ్చారు, ఎందుకంటే దాని మొదటి అధిపతి గిఫర్డ్ పిన్షో దృష్టిలో అడవి అంటే పద్ధతిగా కోసుకుని మళ్లీ పెంచుకునే పంట. ఆ శాఖ ఇప్పటికీ వ్యవసాయ మంత్రి కిందే ఉంది. బీఎల్ఎం సంగతికొస్తే పశువుల మేత, గనులు, చమురు, సోలార్, వేట, ట్రెక్కింగ్, వీటన్నిటినీ ఒకే నేల మీద సర్దాలి. అందుకే ఒక దారి వెంట నడుస్తూ పోతే కంచె గానీ బోర్డు గానీ మారకుండానే చట్టం మారిపోతూ ఉంటుంది.

పైగా ఈ భూమి దేశమంతా సమానంగా లేదు. నెవాడాలో దాదాపు 80 శాతం, యూటాలో 63 శాతం ఫెడరల్ భూమి, కనెక్టికట్‌లో ఒక్క శాతం కూడా లేదు. న్యూయార్క్‌లో ఉండేవాళ్లకి ఇది సెలవుల్లో చూసే అందం, యూటా జిల్లా అధికారులకు అది పన్ను రాని భూమి. ఈ దూరాన్ని పట్టించుకోకుండా పశ్చిమ రాష్ట్రాల కోపాన్ని అర్థం చేసుకోలేం.

## ఎవరూ తీసుకోక మిగిలిన నేల

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం భూమిని దాచుకోవాలనుకోలేదు, వదిలించుకోవాలనుకుంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురం ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. అయోవాలో అది ఒక కుటుంబాన్ని పోషించింది. వానలు సరిగా పడని పశ్చిమాన 160 ఎకరాలు పెట్టుకుని ఎవరూ బతకలేరు, నీటి ఊటలున్న చోట్లు మాత్రం జనం తీసుకున్నారు, చుట్టూ ఉన్న ఎడారి, కొండ, రాయి ప్రభుత్వానికే మిగిలింది. ఇవాళ లక్షల మంది చూడ్డానికి వెళ్లే యూటా రాతి లోయలు ఆనాడు దున్నడానికి పనికిరానివి కాబట్టే మిగిలాయి.

1872 ఈ కథలో ముఖ్యమైన ఏడాది. మార్చి 1న అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ యెల్లోస్టోన్‌ని నేషనల్ పార్కు చేస్తూ సంతకం పెట్టారు. అదే ఏడాది మే 10న ఆయనే జనరల్ మైనింగ్ చట్టం మీద సంతకం పెట్టారు: ప్రభుత్వ భూమిలో బంగారం, వెండి, రాగి లాంటివి ఎవరికి దొరికితే వాళ్లు తవ్వుకునే హక్కు తమదని క్లెయిమ్ వేసుకోవచ్చు. రెండు నెలల పది రోజుల తేడాలో ఒక చేత్తో తాళం, ఇంకో చేత్తో తాళంచెవి. నూట యాభై ఏళ్లు దాటినా రెండూ అమల్లోనే ఉన్నాయి. చమురు, బొగ్గు తవ్వితే ప్రభుత్వానికి రాయల్టీ కట్టాలి, బంగారం, రాగి తవ్వితే ఈ చట్టం కింద ఫెడరల్ రాయల్టీ ఏమీ లేదు. ఇంత పాత లోపాన్ని ఇన్నేళ్లుగా సరిచేయకపోవడం నిజంగా బాధాకరం.

ఆ చట్టాన్ని ఎలా వాడుకోవచ్చో చూపించినవాడు రాల్ఫ్ కామెరన్. గ్రాండ్ కాన్యన్‌లోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రైల్ దగ్గర, జనం తప్పకుండా దాటాల్సిన చోట్ల, మైనింగ్ క్లెయిములు వేశాడు. తవ్వింది పెద్దగా లేదు, మ్యూల్ (కంచరగాడిద) మీద దిగేవాళ్ల దగ్గర తలకో డాలరు టోల్ మాత్రం వసూలు చేశాడు. 1908లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ లోయను నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించినా కదల్లేదు, గొడవ కోర్టుకెక్కింది. 1920లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది, మరుసటి ఏడాదే కామెరన్ ఆరిజోనా సెనేటర్ అయ్యాడు. ఈ భూముల రాజకీయం మొదటి నుంచీ ఇలాగే నడిచింది.

మిగిలిన భూమిని శాశ్వతంగా ప్రభుత్వమే ఉంచుకోవాలన్న నిర్ణయం చాలా ఆలస్యంగా వచ్చింది. 1934లో టేలర్ చట్టం మేతకు పర్మిట్లు పెట్టింది, 1976లో ఎఫ్ఎల్‌పీఎంఏ అనే చట్టం హోమ్‌స్టెడ్ పద్ధతికి తెరదించి, ఇక నుంచి ఈ భూమి మామూలుగా ప్రభుత్వం చేతిలోనే ఉంటుందని తేల్చింది. పశ్చిమ రాష్ట్రాల్లో కొందరు నాయకులకు ఇది మింగుడు పడలేదు, ఇప్పటికీ పడట్లేదు. 2024 ఆగస్టులో యూటా రాష్ట్రం 1.85 కోట్ల ఎకరాల బీఎల్ఎం భూమిని ఫెడరల్ ప్రభుత్వం ఇలా అట్టే పెట్టుకోవడం రాజ్యాంగ విరుద్ధమంటూ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 జనవరిలో కోర్టు ఆ కేసు చేపట్టడానికి నిరాకరించింది. కేసు బాగోగుల మీద తీర్పు ఇవ్వలేదు కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోయిందని అనలేం.

## మూల మీంచి ఒక్క అడుగు

భూమి ప్రజలదే అయినా అందులోకి వెళ్లే దారి ప్రజలది కాకపోతే? వయోమింగ్‌లో సరిగ్గా ఇదే పేచీ వచ్చింది.

రైలు మార్గాలు వేయడానికి కంపెనీలకు ప్రభుత్వం దారి పొడవునా ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూమి ఇచ్చింది. మ్యాపులో అది చదరంగం బల్లలా కనిపిస్తుంది, నల్ల గడి ప్రైవేటు, తెల్ల గడి ప్రభుత్వం. ఒక తెల్ల గడి నుంచి ఇంకో తెల్ల గడికి వెళ్లాలంటే రెండూ తగిలే మూల ఒక్కటే మార్గం. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఎల్క్ మౌంటెన్ దగ్గర ఆ మూల మీద చిన్న స్టీలు నిచ్చెన పెట్టి, ప్రైవేటు నేల మీద కాలు మోపకుండా ఇటు నుంచి అటు దిగారు. ఆ ప్రైవేటు భూమి ఉన్న రాంచ్ (పెద్ద పశువుల క్షేత్రం) యజమాని ఊరుకోలేదు. తన భూమి పైన గాలి కూడా తనదే కాబట్టి అది అతిక్రమణే అన్నాడు, భూమి విలువ తగ్గిందని లక్షల డాలర్ల నష్టపరిహారం అడిగాడు. క్రిమినల్ కేసులో జ్యూరీ వాళ్లను వదిలేసింది. సివిల్ కేసు పైకి వెళ్లి, 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వేటగాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆధారం 1885 నాటి చట్టం: ప్రభుత్వ భూమిని చుట్టుముట్టి జనం రాకుండా చేయకూడదు. అప్పట్లో అది పెద్ద పశువుల కామందులు వేసిన కంచెల మీద తెచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ అప్పీలును తీసుకోలేదు.

ఇలా మూలల్లో ఇరుక్కున్న ప్రభుత్వ భూమి పశ్చిమాన 80 లక్షల ఎకరాలకు పైగా ఉంటుందని ఒక మ్యాపింగ్ సంస్థ లెక్క. తీర్పు ఆ సర్క్యూట్ కిందకు వచ్చే ఆరు రాష్ట్రాలకే వర్తిస్తుంది, మోంటానా అందులో లేదు.

## వైల్డర్‌నెస్: అన్నిటికన్నా గట్టి తాళం

నేషనల్ పార్కే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ అని చాలామంది అనుకుంటారు. యోసెమిటీలోని హెచ్ హెచీ లోయ గుర్తు చేసుకుంటే అది పూర్తి నిజం కాదని తెలుస్తుంది. పార్కు లోపల ఉన్న ఆ లోయను శాన్ ఫ్రాన్సిస్కో తాగునీటి కోసం ముంచడానికి 1913లో కాంగ్రెస్సే చట్టం చేసింది. ఎంతో పోరాడిన జాన్ మ్యూర్ మరుసటి ఏడాది చనిపోయారు, 1923లో డ్యామ్ పూర్తయింది. పక్కనే ఉన్న ప్రసిద్ధ యోసెమిటీ లోయకు దీటైనదని మ్యూర్ వర్ణించిన చోటు ఇవాళ నీళ్ల కింద ఉంది. పైగా పార్కుల్లో రోడ్లు, హోటళ్లు, పార్కింగ్ స్థలాలు ఉంటాయి.

అంతకు మించిన రక్షణ కావాలన్న ఆలోచన ఫారెస్ట్ సర్వీస్ లోపలి నుంచే వచ్చింది. అందులో పనిచేస్తున్న ఆల్డో లియోపోల్డ్ ఒత్తిడితో 1924లో న్యూ మెక్సికోలోని గిలా అడవిలో ఒక భాగాన్ని రోడ్లు వేయకుండా వదిలేశారు. అది శాఖ నిర్ణయం మాత్రమే, మార్చాలంటే ఇంకో నిర్ణయం చాలు. దాన్ని చట్టంగా మార్చడానికి హోవర్డ్ జానైజర్ ఎనిమిదేళ్లలో 66 ముసాయిదాలు రాశారు. 1964 సెప్టెంబరు 3న లిండన్ జాన్సన్ వైల్డర్‌నెస్ చట్టం మీద సంతకం పెట్టేనాటికి జానైజర్ లేరు, నాలుగు నెలల ముందే కన్నుమూశారు. ఆ రోజు 91 లక్షల ఎకరాలతో మొదలైంది ఇప్పుడు 11 కోట్ల ఎకరాలు దాటింది, ప్రాంతాల సంఖ్య 800 పైనే. సగానికి పైగా అలాస్కాలోనే ఉంది, దాన్ని పక్కన పెడితే మిగతా 48 రాష్ట్రాల భూమిలో వైల్డర్‌నెస్ 3 శాతం కూడా ఉండదు. వైల్డర్‌నెస్ అనేది వేరే శాఖ కాదు, ఆ నాలుగు శాఖల్లో ఏదో ఒకదాని భూమి మీదే కాంగ్రెస్ వేసే అదనపు పొర.

ఆ పొర కింద శాశ్వత రోడ్డు ఉండకూడదు, మోటారు ఉండకూడదు, వీల్‌చెయిర్ తప్ప చక్రంతో కదిలే రవాణా సాధనమేదీ ఉండకూడదు. సైకిలు కుదరదు, చక్రాల తోపుడు బండి కుదరదు. తుఫానుకు దారి మీద పెద్ద చెట్టు పడితే సిబ్బంది చెయిన్‌సా తీయరు. ఇద్దరు చెరో పక్కన నిలబడి పొడవాటి చేతి రంపంతో గంటల తరబడి కోస్తారు, సామాన్లు మ్యూళ్ల మీద తెచ్చుకుంటారు. ఈ రంపాలకు పదును పెట్టడం తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ, శాఖే మళ్లీ శిక్షణ ఇచ్చుకుంటోంది. మినహాయింపులూ ఉన్నాయి: ప్రాణాపాయం వస్తే హెలికాప్టరు దిగొచ్చు, చట్టం రాకముందే ఉన్న పశువుల మేత కొనసాగుతుంది. ఈ రాజీలు లేకపోతే ఆ చట్టం కాంగ్రెస్‌లో గట్టెక్కేదే కాదు.

దీన్ని తీసేయాలంటే మళ్లీ కాంగ్రెస్సే చట్టం చేయాలి. అధ్యక్షుడికి, మంత్రికి ఆ అధికారం లేదు. బలమంతా అక్కడుంది.

## అందానికి మార్కులు వేసే పద్ధతి

బయటివాళ్లకు పెద్దగా తెలియని సంగతి ఒకటుంది: బీఎల్ఎం దృశ్యానికి మార్కులు వేస్తుంది. 1976 చట్టంలో కాపాడాల్సిన విలువల జాబితాలో దృశ్య సౌందర్యం కూడా ఉంది, దాన్ని ఆఫీసు కాగితం మీదకు తేవడానికి వచ్చిందే ఈ పద్ధతి.

చూసేది ఏడు అంశాలు: నేల ఆకృతి, చెట్టూ చేమా, నీళ్లు, రంగు, చుట్టుపక్కల దృశ్యం, అరుదుదనం, మనుషులు చేసిన మార్పులు. నిటారు కొండలకు, రాతి శిఖరాలకు ఆకృతి కింద 5 మార్కులు, చదునైన లోయకు 1. మొత్తం 19 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఏ గ్రేడు, 12 నుంచి 18 దాకా బీ, 11 లోపు సీ. దాంతో పాటు అక్కడికి ఎంతమంది వస్తారు, రోడ్డు మీంచి ఎంత దూరంలో కనిపిస్తుంది అన్నవి కూడా లెక్కేసి, చివరికి ఆ చోటుకి ఒకటి నుంచి నాలుగు దాకా తరగతి ఇస్తారు. ఒకటో తరగతిలో మార్పు కంటికి ఆనకూడదు. రెండులో కనిపించినా దృష్టి అటు లాగకూడదు. నాలుగులో పెద్ద మార్పులే చేయొచ్చు.

ఒక గ్యాస్ కంపెనీ లోయలో ట్యాంకు పెడతానంటే జనం ఎక్కువగా నిలబడి చూసే చోటు నుంచి ఆకారం, గీత, రంగు, ఉపరితలపు గరుకుదనం, ఈ నాలుగింటిలో ట్యాంకు ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో అధికారి రాస్తాడు. రంగుల కార్డు ఒకటి ఉంటుంది, అందులో కోవర్ట్ గ్రీన్, షాడో గ్రే, జునిపర్ గ్రీన్ లాంటి పేర్లు. వెనకున్న కొండ రంగు కన్నా ఒకటి రెండు ఛాయలు ముదురుగా ఉన్నది ఎంచుకోమంటారు, ఎందుకంటే దూరం నుంచి చూస్తే ప్రకృతిలో నీడలు కలిసి అంతా కొంచెం నల్లబడినట్టు ఉంటుంది, లేత రంగు వేస్తే ట్యాంకు మెరిసిపోతుంది. చిన్న విషయమే అయినా పెద్ద తేడా తెచ్చేది ఇలాంటి పనే.

లోపాలూ తక్కువ కాదు. కొండకు మార్కులు, మైదానానికి కోత అన్న లెక్కలో సేజ్ గ్రౌస్ పక్షి బతికే చదునైన సేజ్‌బ్రష్ నేల ఎప్పుడూ వెనకే పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, మార్కులు బాగా వచ్చినంత మాత్రాన మంచి తరగతి రాదు. ఆ ప్రాంతానికి బీఎల్ఎం రాసే ప్లానులో చమురుకో గనికో ప్రాధాన్యం ఇవ్వాలనుకుంటే ఏ గ్రేడు లోయను కూడా నాలుగో తరగతిలో వేయొచ్చు. ఇక ఆ ప్లాన్లకే గ్యారంటీ లేకుండా పోయింది: 2025లో కాంగ్రెస్ రెండు సభలూ, శాఖల నియమాలను రద్దు చేయడానికి వాడే కాంగ్రెషనల్ రివ్యూ చట్టాన్ని మొదటిసారి ఈ ప్లాన్ల మీద ప్రయోగించి అలాస్కా, మోంటానా, నార్త్ డకోటాలకు సంబంధించిన మూడింటిని కొట్టేస్తూ తీర్మానాలు చేశాయి. ఆ చట్టం వాడితే అలాంటి ప్లానునే మళ్లీ తేవడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి స్థానికులతో మాట్లాడి రాసిన కాగితాలు ఇలా పోవడం వల్ల ఇటు పర్యావరణం వాళ్లకే కాదు, అటు పర్మిట్ల మీద బతికే రాంచర్లకూ అనిశ్చితి పెరుగుతుంది.

## సంతకంతో వచ్చింది, సంతకంతో పోయింది

నేషనల్ మాన్యుమెంట్ దారి వేరు. 1906 యాంటిక్విటీస్ చట్టం ప్రకారం ఫెడరల్ భూమిలో చారిత్రక, శాస్త్రీయ ఆసక్తి ఉన్న వస్తువులను కాపాడటానికి అధ్యక్షుడు ఒక్కడే ప్రకటన చేయొచ్చు, కాంగ్రెస్ ఓటు అక్కర్లేదు. దృశ్య సౌందర్యం అన్న మాట ఆ వాక్యంలో లేదు. కామెరన్ కేసులో గ్రాండ్ కాన్యన్ కూడా శాస్త్రీయ ఆసక్తి ఉన్న వస్తువే అని సుప్రీంకోర్టు ఒప్పుకోవడంతో పెద్ద పెద్ద ప్రాంతాలకు దారి పడింది.

యూటాలోని బేర్స్ ఇయర్స్ దీనికి తాజా ఉదాహరణ. కొండ చరియల్లో కట్టిన పాత ఇళ్లు, రాతి బొమ్మలు, సమాధులు ఉన్న నేల అది. హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలు కలిసి అడిగితే 2016 డిసెంబరులో ఒబామా 13.5 లక్షల ఎకరాలను మాన్యుమెంట్‌గా ప్రకటించారు. ఏడాది తిరక్కుండా ట్రంప్ దాన్ని 85 శాతం కుదించారు. 2021 అక్టోబరులో బైడెన్ తిరిగి పెంచారు. ఐదేళ్లలో మూడు సంతకాలు, మూడు రకాల సరిహద్దులు. మాన్యుమెంట్‌ని ప్రకటించే అధికారం ఉన్న అధ్యక్షుడికి కుదించే, రద్దు చేసే అధికారం కూడా ఉందా అన్నది సుప్రీంకోర్టు ఇంతవరకు తేల్చలేదు. రద్దు చేయలేరని 1938లో అటార్నీ జనరల్ ఇచ్చిన అభిప్రాయమే చాలాకాలం చెల్లింది. 2025లో న్యాయ శాఖ దాన్ని తోసిపుచ్చి, రద్దు చేయొచ్చని రాసింది. కొత్త కుదింపులు వస్తే కేసులు తప్పవు.

## మనుషులు పెంచిన అడవి

ఈ చర్చలో తరచూ మరుగున పడేది ఒకటుంది. యోసెమిటీ లోయలో తొలి పర్యాటకులు మెచ్చుకున్న విశాలమైన పచ్చిక బయళ్లు, దూరం దూరంగా నిలిచిన ఓక్ చెట్లు తమంత తామే అలా లేవు. అక్కడి ఆదివాసులు ఏళ్ల తరబడి చిన్న చిన్న మంటలు పెడుతూ అలా ఉంచారు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వాళ్లను లోయ నుంచి తరిమింది, తర్వాత మంటలు ఆపేశారు, పచ్చికలోకి పైన్, సీడర్ మొక్కలు దూరాయి. మనుషులు లేని అడవి అన్న బొమ్మ మనుషుల్ని పంపేసి గీసింది. ఈ అన్యాయాన్ని సరిదిద్దే పని నెమ్మదిగానే సాగుతోంది: 1975లో గ్రాండ్ కాన్యన్ దగ్గర హవాసుపాయ్ తెగకు సుమారు 1,85,000 ఎకరాలు కాంగ్రెస్ తిరిగి ఇచ్చింది, అలాంటివి చాలా అరుదు.

మంటల్ని ఆపిన ఫలితం అడవులు ఇప్పుడు అనుభవిస్తున్నాయి. 1935 నుంచి 1970ల దాకా ఫారెస్ట్ సర్వీస్ నియమం ఒకటే, ఎక్కడ నిప్పు కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి రావాలి. దశాబ్దాల పాటు ఎండు కర్ర, చిన్న చెట్లు పేరుకుపోయాయి, దాని మీద కరవు వచ్చి పడింది. జెయింట్ సెకోయాలు చిన్న మంటలకు చావవు, వాటి కాయలు విచ్చుకోవడానికి ఆ వేడి బాగా తోడ్పడుతుంది. కానీ 2020, 2021 కార్చిచ్చుల్లో మంట కొమ్మల దాకా ఎగబాకి పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం చనిపోయాయని అంచనా. వేల ఏళ్లు బతికే చెట్లవి. కాలిన తోపుల్లో కొన్ని వైల్డర్‌నెస్ లోపల ఉన్నాయి. అక్కడ మొక్కలు నాటాలని 2023లో పార్క్ సర్వీస్ నిర్ణయిస్తే, మనిషి చెయ్యి పెట్టకూడదన్నదే కదా చట్టం అని కొన్ని పర్యావరణ సంస్థలు కోర్టుకు వెళ్లాయి. రెండు పక్షాలూ సెకోయా మంచి కోరేవే, అందుకే ఈ పేచీ తేలడం కష్టం.

## టికెట్టు, సిబ్బంది, మన కుటుంబాలు

2024లో పార్క్ సర్వీస్ స్థలాలకు 33.19 కోట్ల సందర్శనలు నమోదయ్యాయి, ఇది రికార్డు. అదే సమయంలో వాయిదా పడుతూ వచ్చిన మరమ్మతుల విలువ 2,300 కోట్ల డాలర్ల దాకా పేరుకుంది. 2025 ఫిబ్రవరిలో ప్రొబేషన్‌లో ఉన్న సుమారు వెయ్యి మంది పార్కు ఉద్యోగుల్ని తీసేశారు. సిబ్బంది తగ్గితే వెంటనే కొండ మారదు. ముందు టాయిలెట్లు, తర్వాత దారుల మరమ్మతు, ఆ తర్వాత శాస్త్రీయ పరిశీలన దెబ్బతింటాయి. ఆఖరుది ఎవరి కంటికీ కనపడదు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరకు విజిటర్ వీసా మీద వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు నేరుగా తగిలే మార్పు ఫీజులది. 2026 జనవరి 1 నుంచి వార్షిక పాస్ అమెరికాలో నివసించేవాళ్లకు 80 డాలర్లు, బయటి దేశాలవాళ్లకు 250 డాలర్లు. ఆ పాస్ లేకుండా గ్రాండ్ కాన్యన్, యెల్లోస్టోన్, యోసెమిటీ, జయాన్ లాంటి 11 పార్కులకు వచ్చే విదేశీయులు మామూలు టికెట్టు మీద మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. వెళ్లే ముందు ఆ పార్కు అధికారిక పేజీలో నియమాలు చూసుకోవడం మంచిది. అందమైన చోటు అంటే ఈ 11 మాత్రమే కాదని గుర్తుంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది: బీఎల్ఎం, ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో చాలాచోట్ల గేటు ఉండదు, టికెట్టు ఉండదు, చాలా ప్రాంతాల్లో ఒకే చోట 14 రోజుల దాకా టెంటు వేసుకుని ఉండనిస్తారు. సెనేట్‌లో అమ్మకానికి పెట్టబోయింది ఈ కోవ భూమినే.

## ఇక ముందు గమనించాల్సినవి

మొదటిది రోడ్‌లెస్ నియమం. 2001లో వచ్చిన ఈ నియమం వల్ల 5.85 కోట్ల ఎకరాల జాతీయ అడవుల్లో కొత్త రోడ్లు, పెద్ద ఎత్తున కలప కోత ఆగాయి. ఇది చట్టం కాదు, శాఖ చేసిన నియమం. దాన్ని రద్దు చేస్తామని 2025 జూన్‌లో వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్ ప్రకటించారు. రద్దయినంత మాత్రాన రేపే గొడ్డళ్లు దిగవు, ఎందుకంటే అక్కడి కొండల్లో రోడ్డు వేయడానికయ్యే ఖర్చు చాలాచోట్ల కలప విలువను మించుతుంది. ఉన్న రోడ్లకే మరమ్మతు డబ్బులు చాలని శాఖ అది. కానీ ఒకసారి పడిన రోడ్డును తీసేయడం దాదాపు జరగదు, వైల్డర్‌నెస్ కావడానికి ఆ చోటుకున్న అర్హత కూడా దాంతోనే పోతుంది.

రెండోది మార్కెట్. అలాస్కాలోని ఆర్కిటిక్ వన్యప్రాణుల రెఫ్యూజ్‌లో చమురు లీజులు ఇవ్వాలని 2017లో కాంగ్రెస్ చట్టం చేసింది. 2025 జనవరిలో జరిగిన వేలానికి ఒక్క బిడ్ కూడా రాలేదు. చట్టం తలుపు తెరిచినా వ్యాపారం లోపలికి రాని సందర్భాలుంటాయి, అయితే ధరలు పెరిగితే ఈ లెక్క మారిపోతుంది, దాన్ని రక్షణ అని నమ్ముకోలేం.

మూడోది అందరూ మర్చిపోయిన భూమి. 1976 చట్టం బీఎల్ఎంని తన భూముల్లో వైల్డర్‌నెస్‌కి తగినవేవో వెతికి 15 ఏళ్లలో సిఫారసు చేయమంది. ఆ పని 1991కల్లా అయింది, నిర్ణయం మాత్రం కాంగ్రెస్ చేతిలో ఉంది. కొన్నింటిని తేల్చారు, ఇంకా కోటి ఎకరాలకు పైగా వైల్డర్‌నెస్ స్టడీ ఏరియా పేరుతో అలాగే ఉంది, దక్షిణ యూటాలోని అద్భుతమైన రాతి లోయలు ఎన్నో అందులోవే. కాంగ్రెస్ ఎటూ తేల్చేదాకా ఆ అర్హత చెడకుండా చూడాలని చట్టం చెబుతోంది, విడిచిపెట్టాలన్నా కాంగ్రెస్సే ఓటు వేయాలి. అమ్మకం మీద గొడవలు పెద్ద అక్షరాల్లో వస్తాయి. ఈ స్టడీ ఏరియాలను విడుదల చేసే బిల్లులు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంగా, చిన్న పేరుతో, పెద్దగా చర్చ లేకుండా వస్తుంటాయి, వాటి మీద కన్నేసి ఉంచాల్సింది అందుకే.